ఉమక్క పారబోసిన నెత్తురు

ఆళ్ళగడ్డలో ఉమామహేశ్వరమ్మ చేత సూది పొడిపించుకోని చెయ్యి దొరకడం కష్టం. మా మందుల షాపుకూ ఆమె రక్తపరీక్షల ల్యాబుకూ మధ్య ఒకటే గోడ. ఇరవై రెండేళ్ళుగా ఆ గోడ అవతల నుంచి ఆమె తిట్లు వింటూ ఇవతల నేను మాత్రలు అమ్ముకున్నాను. ఊళ్ళో అందరికీ ఆమె ఉమక్క. నాకూ అంతే. ఈమధ్య ఆమె గురించి ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. ఉమక్క నిర్లక్ష్యం వల్లే శెట్టి తమ్ముడు ప్రదీప్ పోయాడని. ఆ శెట్టిని నేనే, గురవయ్యను. ఆ మాటలో నిజమెంతో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆమె ఎవరో చెప్పాలి. ఉమక్క భర్త నంద్యాలలో రైసు మిల్లు హమాలీ. బస్తాల కింద పడి నడుం విరిగి, రెండేళ్ళు మంచంలో ఉండి చనిపోయాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఏడు. ఆ రెండేళ్ళు అతన్ని చూసుకోవడానికి ఆసుపత్రిలో పడి ఉన్న మనిషి అక్కడే పనికి కుదిరింది. ల్యాబులో గాజు పలకలు కడిగే పని. కడిగేది ఊరకే కడగలేదు. ఈ పలకలో ఏం చూస్తారు, ఈ గొట్టాన్ని ఎందుకు తిప్పుతారు అని టెక్నీషియన్ల ప్రాణం తోడేసింది. ముప్పై నాలుగో ఏట పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఆళ్ళగడ్డ వచ్చి మా పక్క గదిలో దిగినప్పుడు ఆమె దగ్గర ఉన్నవి ఒక మైక్రోస్కోపు, నెత్తురు తిప్పే పాత మిషను, నోరు.

ఆ నోటికి కలెక్టరైనా ఒకటే, కూలీ అయినా ఒకటే. పొద్దున ఆరింటికి షట్టరు ఎత్తేది. ముసలివాళ్ళుంటే స్కూటీ మీద ఇంటికే పోయి నెత్తురు తీసుకొచ్చేది. నరం దొరకని చేతిలో కూడా ఒక్క పోటుకే దొరకబుచ్చుకునేది. చంటిపిల్లలకు సూది గుచ్చేటప్పుడు తల్లులను తిట్టేది, వాళ్ళు పిల్లల సంగతి మరిచి ఆమెను చూసేవాళ్ళు, ఆ లోపల పని అయిపోయేది. రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు అంకెలను మూడుసార్లు చూసేది. "నా గుమ్మం దాటి తప్పంకె ఒకటి పోయిందంటే ఆ దినమే షట్టరు దించేస్తా" అనేది. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, నిజంగానే అట్లా బతికింది.

ఆ పట్టుదలలోనే ఒక అలవాటు పెరిగింది. నెత్తురును గొట్టంలో పోసి మిషనులో తిప్పితే ఎరుపంతా అడుగుకు దిగి, పైన లేత పసుపు నీరు తేటగా నిలుస్తుంది. పరీక్షలు చేసేది ఆ నీటితోనే. మనిషి నెయ్యి దోసె తిని వస్తే ఆ నీరు మసకబారుతుంది. కొందరిది మజ్జిగలాగా తెల్లబడుతుంది. అట్లాంటి నీటితో చేస్తే అంకెలు తప్పుతాయి. ఉమక్క దాన్ని సింకులో పారబోసి, "రేప్పొద్దున పరగడుపున రా" అని పంపేసేది. మన జనం సంగతి తెలిసిందే. పరగడుపున రమ్మంటే కాఫీ లెక్కలోకి రాదనుకుంటారు. ఆమె గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, "కాఫీ ఒకటేనా? రెండు ఇడ్లీలు గూడా తిన్యావు. నిజం చెప్పు" అనేది. చాలామంది నిజంగానే తినుంటారు, నాలిక కరుచుకునేవాళ్ళు. గోడ ఇవతల నేను నవ్వుకునేవాణ్ణి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమెకు మనిషి నోటి మీద నమ్మకం పోయింది, గొట్టం మీదే నిలిచింది.

ఇక నా సంగతి. మా ఊళ్ళో కడుపులో ఏమొచ్చినా గ్యాసే. మింగిన అన్నం పైకొచ్చినా, గుండె పట్టేసినా, అత్తాకోడళ్ళు పోట్లాడుకున్నా గ్యాసే. ఆ గ్యాసు పేరు మీదనే నేను ఇల్లు కట్టాను. నొప్పి ఎక్కువైతే సూది కూడా వేస్తాను. వేయకూడదని బోర్డు మీద ఉండదు కానీ నాకు తెలుసు. డాక్టరు దగ్గర గంట కూర్చోవడం కంటే శెట్టి దగ్గర నిమిషం నిలబడటం మేలని జనం అనుకుంటారు, నేనూ అనుకోనిచ్చాను.

ప్రదీప్ నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. ముప్పై ఎనిమిదేళ్ళు. నూనెలు, పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. బొద్దుగా ఉండేవాడు, ఎప్పుడూ చేతిలో నీళ్ళ బాటిలు. ఎంత తాగినా దాహం తీరేది కాదు. చక్కెర జబ్బేమో చూపించుకోరా అంటే, ఎండలు ఎక్కువగా ఉండాయి అనేవాడు. పోయినేడు మోచేతుల మీద, పిరుదుల మీద చిన్న చిన్న పసుప్పచ్చ పొక్కులు లేచాయి. నాకు చూపించాడు. చెమట పొక్కులన్నాను, ఆయింట్‌మెంట్ ఇచ్చాను. తగ్గకపోతే ఇంకో కంపెనీది ఇచ్చాను.

ఆ ఆదివారం నంద్యాలలో మా మేనమామ మనవరాలి పెళ్ళి. ఓళిగల మీద, అంటే బొబ్బట్ల మీద, నెయ్యి గరిటెలతో పోశారు. ప్రదీప్ అయిదు తిన్నాడు, ఆరోది నేనే బలవంతంగా వేయించాను. సాయంత్రం ఆళ్ళగడ్డకు తిరిగొచ్చేసరికి రొమ్ము కింద, కడుపు పైభాగంలో నొప్పి మొదలైంది. గంటలో రెండుసార్లు వాంతి. నేను గ్యాసు మాత్ర మింగించి, తుంటికి నొప్పి సూది ఒకటి వేశాను. కొంచెం తగ్గిందన్నాడు. తగ్గుతుంది మరి, అది నొప్పి సూది.

సోమవారం పొద్దున మళ్ళీ పట్టుకుంది. "అన్నా, ఈపులోకి పొడుస్తాంది. కత్తి దించినట్ల ఉంది" అన్నాడు. పడుకోలేకపోయాడు. వెల్లకిలా పడుకుంటే అరిచేవాడు. కుర్చీలో కూర్చుని, ముందుకు వంగి, దిండును పొట్టకు అదుముకుంటే కాస్త తట్టుకునేవాడు. నీళ్ళు తాగినా బయటికే. ఎందుకైనా మంచిదని పక్కనే ఉన్న ఉమక్క దగ్గరికి తీసుకుపోయాను, రక్తం అంతా ఒకసారి చూడమని.

ఆమె నెత్తురు తీసి మిషనులో పెట్టింది. ప్రదీప్ బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏందీ ప్రదీపూ, అట్ల వంగినావ్?"

"ఇట్ల ఉంటేనే కొంచెం సుకంగా ఉందక్కా. రాత్రి అన్న సూది ఏసినాక తగ్గింది, మళ్ళీ వచ్చింది."

మిషను ఆగింది. గొట్టం బయటికి తీసి వెలుతురుకు పట్టింది. పైన నిలిచిన నీరు చిక్కటి మజ్జిగలాగా తెల్లగా ఉంది.

"ఏం తిని వచ్చినావ్?"

"ఏం తిన్లేదక్కా. నిన్న మద్యాన్నం నుంచి నోట్లో ఏం పెట్టుకోలేదు. నీళ్ళు గూడా నిలబడ్లేదు."

"అందురూ ఇదే చెప్తారు. పెండ్లి బోజనమంతా ఈ గొట్టంలోనే ఉంది సూడు."

వాడు నా వైపు చూశాడు. నేను చెప్పాల్సిన మాట ఒకటే. నిజమేనక్కా, తినలేదు అని. నేనేమన్నానో తెలుసా? నవ్వాను. "ఆరు ఓళిగలు తిన్యాడక్కా, అంత బేగా అరుగుతాయా?" అన్నాను. ఆమె గొట్టాన్ని సింకులో వంచేసింది. రేపు పొద్దున నేనే ఇంటికొచ్చి తీసుకుంటా, రాత్రికి ఏమీ పెట్టద్దండి అని ప్రదీప్ భార్య వినీతకు ఫోన్‌లో చెప్పింది.

తినక అప్పటికి ఇరవై గంటలు దాటింది. ఎంత నెయ్యి తాగినవాడి నెత్తురైనా ఆ పాటికి తేటపడాలి. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. వాడి మాట నమ్మి ఉంటే అక్కడికక్కడే అనుమానం వచ్చేది. నమ్మలేదు. ఆమెకు నమ్మకం లేకుండా చేసింది ఇరవై రెండేళ్ళ ఊరి అబద్ధాలు, దానికి తోడు నా నవ్వు.

ఆ మధ్యాహ్నం ఒక సూది, రాత్రి ఇంకొకటి వేశాను. మొత్తం మూడు. మూత్రం సరిగా రావడం లేదని వాడు చెబితే, నీళ్ళు తాగట్లేదు గదా అన్నాను.

మంగళవారం తెల్లారక ముందే ఉమక్క స్కూటీ వచ్చింది. గదిలోకి అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. ప్రదీప్ మొహం బూడిద రంగుకు తిరిగి, ఊపిరి పైపైనే ఆడుతోంది. పొట్ట ఉబ్బి బిగిసిపోయింది. ఆమె నేరుగా పోయి సూది గుచ్చింది. మిషనులో తిప్పే పనే లేకపోయింది. సిరంజిలోకి వస్తున్న నెత్తురే పాలు కలిసినట్టు గులాబి రంగులో వచ్చింది.

"వినీతా, నిన్న ఏం తిన్యాడు?"

"ఏమీ లేదక్కా. ఆదివారం పెండ్లిలో తిన్నదే. ఆ తర్వాత మెతుకు ముట్లేదు."

ఉమక్క నేల మీద కూర్చుండిపోయింది. ఆమె అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. క్షణం తర్వాత లేచి, "గురవయ్యా, కారు తీ. నంద్యాలకు పోదాం. ఇది గ్యాసు గాదు, తిండి గాదు. నేను నిన్ననే నమ్మాల్సింది" అంది. దారిలో ల్యాబు ముందు ఆపించి, ఉన్న పరీక్షలు గబగబా చేసి కాగితం మీద రాసుకుంది. ఒక గొట్టం నెత్తురు చేతిలోనే పెట్టుకుని కారెక్కింది. శిరివెళ్ళ దాటేదాకా ప్రదీప్ గుంత వచ్చినప్పుడల్లా అమ్మా అనేవాడు.

నంద్యాల ఆసుపత్రిలో ముందు గుండె పరీక్ష చేశారు. గుండె బాగుందన్నారు. వినీత అక్కడికక్కడే మహానందికి మొక్కుకుంది, నేను కుర్చీలో వెనక్కి వాలాను. మేమంతా భయపడింది గుండెకే కాబట్టి గండం గడిచిందనుకున్నాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు పొట్ట నొక్కి చూసి అడిగాడు.

"మందు అలవాటుందా?"

నాకు ఒళ్ళు మండింది. "మాది శెట్ల ఇల్లు సార్. మా గడపలో ఆ వాసన గూడా రాదు. మనిషి చస్తాంటే అడిగే మాటనా అది?" అని గట్టిగా అరిచాను. అతను అడగాల్సిందే అడిగాడు. క్లోమం వాచే జబ్బు తాగేవాళ్ళకు ఎక్కువగా వస్తుంది, అందుకు అడిగాడు. నా అరుపుకు జంకి, ఉమక్క రాసిచ్చిన కాగితం చూశాడు. క్లోమం వాస్తే అమైలేజ్ అనే అంకె పెరగాలి. అది మామూలుగానే ఉంది. "అయితే గ్యాస్ట్రిక్ లాగుంది, సెలైన్ పెట్టి చూద్దాం" అన్నాడు. మళ్ళీ గ్యాసే.

అప్పుడు ఉమక్క ముందుకొచ్చి గొట్టాన్ని అతని కళ్ళ ముందు పెట్టింది.

"ఆ కాగితం చించేయండి సార్. నేను రాసిందే, నేనే చెప్తాండా. దీన్ని సూడండి. రెండు దినాలుగా మెతుకు ముట్టని మనిషి నెత్తురు సార్ ఇది. పెద్ద డాక్టర్ను పిలవండి."

తప్పంకె గుమ్మం దాటకూడదన్న మనిషి అందరి ముందూ తన అంకెను చించేయమంది. పెద్ద డాక్టరు వచ్చాడు. గొట్టం చూశాడు, చొక్కా చేతులు పైకెత్తి మోచేతులు చూశాడు. ఆ పసుపు పొక్కులను వేలితో తడిమి, "ఇవి ఎన్నాళ్ళుగా ఉన్నాయి?" అన్నాడు. ఏడాది అంది వినీత. అవి చెమట పొక్కులు కావు, నెత్తురులో మితిమీరిన కొవ్వు చర్మం కింద పేరుకుంటే వచ్చేవట. ఆ కొవ్వు ఎక్కువైనా క్లోమం వాస్తుంది, చుక్క మందు ముట్టకపోయినా వాస్తుంది. అదే కొవ్వు అడ్డుపడి అమైలేజ్ పరీక్షను తప్పు దారి పట్టిస్తుంది. ఆయన లైపేజ్ అనే ఇంకో పరీక్షకు, స్కానింగ్‌కు పంపాడు. నెత్తురును కింద ల్యాబుకు ఉమక్కే తీసుకుపోయింది.

ఆమె అట్లా కిందికి పోయినప్పుడు డాక్టరు నన్ను అడిగాడు.

"నొప్పికి ఇంజెక్షన్లు ఏమన్నా ఇచ్చారా? కిడ్నీలు దెబ్బతింటున్నాయి, అందుకు అడుగుతున్నా."

వినీత పక్కనే ఉంది. ఇంట్లో వేసినవి గ్యాసు సూదులని ఆమెకు అంతకుముందే చెప్పి ఉన్నాను. నీళ్ళు ఎండిపోయిన ఒంట్లో ఆ నొప్పి సూది కిడ్నీల మీద పడుతుందని నాకు తెలియదా? మందు పెట్టెలోని కాగితాలు చదివిన వాణ్ణే. నోరు తెరిచాను. "లేదు సార్. గ్యాసుకు ఇచ్చినామంతే" అని వచ్చింది. ఆయన కాగితం మీద అట్లాగే రాసుకున్నాడు.

లైపేజ్ ఉండాల్సిన దానికి పదకొండు రెట్లు ఉంది. నెత్తురులో కొవ్వు అయిదు వేలు దాటింది, నూటయాభై దాటకూడనిది. చక్కెర నాలుగు వందలు. స్కానింగ్‌లో క్లోమం ఉబ్బి, చుట్టూ నీరు చేరి కనిపించింది. డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇట్లాంటి నొప్పి, పెరిగిన అంకె, స్కానింగ్ మూడింటిలో రెండుంటే చాలు జబ్బు తేల్చడానికి. మీవాడికి మూడూ ఉన్నాయి. తిండిని అరిగించే రసం క్లోమాన్నే తినేస్తోంది. మొదటి రోజే సెలైన్ ఎక్కాల్సింది. రెండో రోజు దాటింది. చూద్దాం."

చూస్తూనే ఉన్నాం. నాలుగో రోజుకు కిడ్నీలు నిలిచిపోయాయి, డయాలసిస్ పెట్టారు. ఆరో రోజుకు ఊపిరికి గొట్టం వేశారు. ఆ గొట్టం వేసే ముందు వాడు నన్ను చూసి ఏదో చెప్పబోయాడు. నర్సు పక్కకు జరగమంది, జరిగాను. ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలియదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ప్రదీప్ పోయాడు.

పదకొండో దినం కర్మకు ఉమక్క వచ్చింది. బంధువులంతా ఉన్నారు. ఆమె నేరుగా వినీత ముందుకు పోయి నిలబడింది.

"వినీతా, సోమారమే నీ మొగుడు తిన్లేదని చెప్పినాడు. నేను నమ్మలేదు. నెత్తురు పారబోసినా. నమ్మింటే ఒక దినం ముందు నంద్యాలలో ఉండేటోడు. నువ్వు నన్నేమన్నా అనొచ్చు."

అనాల్సిందంతా మా వాళ్ళు అన్నారు. మా మేనమామ చెప్పు తీసేదాకా పోయాడు. మా అమ్మ వెంకటలక్ష్మమ్మ మట్టి తీసి చల్లింది. ఉమక్క కదలకుండా నిలబడి అంతా వినింది, కొంగుతో మొహం మీది మట్టి కూడా తుడుచుకోలేదు. నేను పది అడుగుల దూరంలో కండువా కప్పుకుని కూర్చుని ఉన్నాను. అందరూ నన్ను చూసి, పాపం, అన్న గదా అన్నారు. నేను తల దించుకున్నాను. దుఃఖం అనుకున్నారు. అది సిగ్గు.

ఆ తర్వాత ఆమె ల్యాబుకు జనం పలచబడ్డారు. కొత్త ల్యాబు ఒకటి రోడ్డు అవతల తెరిచారు, అందరూ అటు పోతున్నారు. ఉమక్క మాత్రం ఆరింటికే షట్టరు ఎత్తుతుంది. గోడ అవతల తిట్లు వినపడవు. వచ్చిన ఒకరిద్దరిని మెల్లగా ఏదో అడిగి రాసుకుంటుంది. మూడు నెలలు ఆ నిశ్శబ్దం పక్కన కూర్చుని అమ్మకాలు చేశాను. నాలుగో నెలలో ఒక పొద్దున తట్టుకోలేక ఆమె దగ్గరికి పోయాను.

"అక్కా, నేను సూది ఏసిన సంగతి నీకు తెలుసు. ప్రదీప్ నీ ముందరే చెప్పినాడు. ఆ దినం అందురూ నిన్ను తిడతాంటే నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"నీ సంగతి నేనెందుకు చెప్తా అప్పా? నువ్వు నంద్యాలలోనే డాక్టరుకు చెప్పింటావు గదా, ఇంట్లో వాళ్ళకు తెలిసే ఉంటాదనుకున్యా."

నేను గోడ వైపు చూశాను. ఆమె నా మొహం చూస్తూ ఉంది. ఆ చూపులో మెల్లగా ఏదో మారింది.

"చెప్పలేదా, గురవయ్యా?"

లేదన్నట్టు తలూపాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పో. ముందు వినీతకు చెప్పు పో" అని వెనక్కి తిరిగి గొట్టాలు కడుక్కోవడం మొదలుపెట్టింది.

పోయాను. వినీత అంగట్లో ప్రదీప్ కుర్చీలో కూర్చుని ఉంది. అక్కడే నిలబడి అంతా చెప్పాను. మూడు సూదులు, ఆ రోజు ల్యాబులో నా నవ్వు, డాక్టరుకు చెప్పిన అబద్ధం. ఆమె ఏడవలేదు. ముందున్న లెక్కల పుస్తకం మూసి అడిగింది.

"ఆ మాట డాక్టరుకు చెప్పింటే ఆయన బతికేటోడా బావా?"

"తెలీదమ్మా. కిడ్నీలకు ముందే జాగ్రత్త పడేటోళ్ళేమో. నిజంగా తెలీదు."

"సరే, అది తెలీదు. మరి పదకొండో దినం అంతమంది ఉమక్కను తిడతాంటే, అత్తమ్మ మట్టి చల్లుతాంటే, నువ్వెందుకు ఊరకుంటివి?"

ఈ ప్రశ్నకు తెలియదని చెప్పడానికి లేదు. తెలుసు. ఆ మట్టి నా మీద పడకుండా ఉంటే చాలనుకున్నాను. వినీత లేచి, చెప్పులు వేసుకుని, నన్ను అంగట్లోనే వదిలి ఉమక్క ల్యాబు వైపు నడిచింది.